పర్రలో పూసే ఆ గులాబీ పువ్వు గలిజేరు కాదు

"కోరింగ ఉప్పు పర్రల్లో పూసే ఈ గులాబీ పువ్వు తెల్ల గలిజేరులో ఎర్రకాడ ఉపజాతి. గోదావరి డెల్టాలో తప్ప ఎక్కడా దొరకదు. రోజూ పచ్చి ఆకు నమిలితే కిడ్నీలు బాగుపడతాయి." ఫొటోతో సహా వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మెసేజ్ మా ఇంటి గ్రూపులోకీ వచ్చింది. (పర్ర అంటే తీరంలోని ఉప్పునేల.) ఫొటోలో ఉన్నది సెసూవియం పోర్టులకాస్ట్రమ్, తెలుగులో వంగరెడ్డికూర.

పొరబడటానికి కారణం లేకపోలేదు. తెల్ల గలిజేరు శాస్త్రీయ నామం ట్రయాంథెమా పోర్టులకాస్ట్రమ్. పేరులో రెండో మాట ఒకటే, కుటుంబమూ ఒకటే, రెండూ నేల మీద పాకేవే. కానీ ప్రజాతి, అంటే పేరులో మొదటి మాట, వేరు. గలిజేరుకి కణుపు దగ్గర జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పువ్వుకి కాడ ఉండదు, ఆకు మొదట్లో సంచిలాంటి చోట సగం దాక్కుని ఉంటుంది. వంగరెడ్డికూర జంట ఆకులు దాదాపు సమానం, సన్నగా, దళసరిగా ఉంటాయి. పువ్వు చిన్న కాడ మీద నిలబడుతుంది. పువ్వులో రేకుల్లా కనిపించే ఐదు భాగాలూ లోపల గులాబీ, బయట ఆకుపచ్చ. ఒక్కోదాని కొన వెనక చిన్న కొమ్ము ఉంటుంది. పువ్వు మధ్యలో చూడండి: గలిజేరుకి కీలం (అండాశయం మీద నిలిచే సన్నటి కాడ) ఒకటే, దీనికి సాధారణంగా మూడు నాలుగు.

ఇక ఎర్రకాడ ఉపజాతి. కాకినాడ పక్కన చొల్లంగి దగ్గర ఒకే తీగని పట్టుకుని చివరిదాకా వెళ్లాను. గట్టు నీడలో పచ్చగా ఉన్న కాడే, ఉప్పు పేరిన ఎండ నేల మీదకి వచ్చేసరికి ఎర్రబడింది. ఒకే మొక్కలో రెండు ఉపజాతులు ఉండవు కదా! ఉపజాతి అనాలంటే ఆ తేడా విత్తనంతో తరువాతి తరానికి దిగాలి. ఇసుకదిబ్బల మీద మేక గిట్టలాంటి ఆకులతో పాకే ఐపోమియా పెస్‌కాప్రేలో నిజంగానే ఉపజాతులున్నాయి. వాటిని ఆకు చీలిక లోతుని బట్టి గుర్తిస్తారు, కాడ రంగుని బట్టి కాదు.

డెల్టాలో తప్ప ఎక్కడా లేదన్నది శుద్ధ అబద్ధం. ఉష్ణప్రాంతపు సముద్ర తీరాల్లో, ఆఫ్రికా నుంచి అమెరికా దాకా, ఇది ఉంది.

నాకు టెన్షన్ పెట్టింది చివరి మాట. ఈ మొక్క ఉప్పునేల నుంచి సోడియం పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. కూరగా వండుకునేవాళ్లు కూడా ఉడికించిన నీళ్లు పారబోస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు ముందుగా తగ్గించమనేది ఉప్పునే. మెసేజ్ చూసి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిన మా పెద్దమ్మ ఒక కట్ట తెప్పించుకుంది. ఆకు చివర నాలుకకి తగిలించి చూడమన్నాను.

"ఒరే, ఇది ఉప్పుగల్లురా" అని కట్ట పక్కన పెట్టేసింది.