కొత్త మోడల్ దిగితే పాత బేస్ గిటార్ ధర సగమైపోతుందా?

చర్చి టీముల, పెళ్లి ఆర్కెస్ట్రాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతున్నది. నల్లగొండలో ఒకరు పెడితే మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల దాకా పోయి, మళ్లీ మిర్యాలగూడ గ్రూపులో తేలుతున్నది. అందులో ఉన్నది ఇది: కొత్త మోడల్ దిగిన రోజే పాత బేస్ ధర సగానికి పడుతుంది. యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) కానిదాన్ని ఎవరూ కొనరు. నాలుగు స్ట్రింగుల బేస్‌కు కాలం చెల్లింది. రోస్టెడ్ మేపుల్ (కాల్చిన మేపుల్ కలప) నెక్‌లు, హెడ్‌లెస్ (నెక్ చివర తల లేని) బేస్‌లు వచ్చాక మామూలు నెక్‌లకు, అంటే స్ట్రింగుల కింద చేత్తో పట్టే పొడుగు కర్రకు, విలువ లేదు. పికప్‌లు (స్ట్రింగుల మోతను పట్టే అయస్కాంత చుట్టలు) మార్చి అమ్మితే పెట్టిన పైసలు తిరిగొస్తాయి. చివర్న "ఈ నెలలోనే అమ్ముకోండి" అని సలహా. ఇది నమ్మి డిసెంబర్ ముందర బేస్‌ను అడ్డికి పావుశేరు ఇచ్చేసినోళ్లున్నారు. క్రిస్మస్ ముందు! బేస్ ఎక్కడ దొరుకుతదని మన దగ్గర నలుగురూ అడిగేదే అప్పుడు.

మొదటి మాటలోనే లెక్క తప్పింది. సెకండ్ హ్యాండ్ కొనేటోడు ఫీచర్ల పట్టిక పట్టుకొని రాడు. "ఇంకో ఐదారు వేలు ఏస్తే కొత్తదే వస్తది కదన్నా" అనుకుంటూ వస్తాడు. పాతదాన్ని నిలబెట్టేదైనా, పడగొట్టేదైనా కొత్తదాని ధరే. ఆ కొత్తది చాలాసార్లు రేటు పెంచుకునే దిగుతుంది. పైగా ఇక్కడ అడిగే బ్రాండ్ల బేస్‌లు ఎక్కువగా దిగుమతి సరుకే. 2017లో 65 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2022 చివరికి 82 దాటింది. ఆ భారం కొత్తదాని మీద పడితే, పాతదానికీ కొంత ఊపిరి దొరుకుతుంది. 18,000 పెట్టి కొన్న బేస్‌కు వారసుడు 26,000తో వచ్చాడనుకోండి. పాతదాన్ని 13,000కు అడిగితే కొనేటోడికి సగం ధరకే దొరికినట్టు ఉంటుంది, అమ్మేటోడికి పోయింది 5,000.

మెసేజ్ మాట నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కొత్తది అదే రేటుకు వచ్చి పాతదాని లోపాన్ని సరిచేసినా, దుకాణం వాళ్లు మిగిలిన స్టాకును డిస్కౌంట్‌లో వదిలించుకున్నా, నిరుడు కొన్నోడికి దెబ్బే. పదేళ్ల బేస్‌కు మాత్రం ఆ దెబ్బ తగలదు, దాని ధర పడాల్సినంత అప్పటికే పడింది.

కొత్తది రావడమే పాతదానికి గిరాకీ తెచ్చిన కథలూ ఉన్నాయి. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి కలప వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలు బిగిశాయి. ఆ ఏడాదే అమెరికా గిటార్ల కంపెనీ ఫెండర్ మెక్సికోలో చేసే చాలా మోడళ్లకు రోజ్‌వుడ్ బదులు పావ్ ఫెర్రో అనే వేరే కలపతో ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) వేయడం మొదలుపెట్టింది. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు సడలింపు దొరికింది గానీ, ఈలోపు "రోజ్‌వుడ్‌దే కావాలె" అని పాతవాటి వెంట పడ్డోళ్లు ఉన్నారు. ఫెండర్‌దే తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్, దాని క్లాసిక్ వైబ్ శ్రేణి సంగతీ అంతే. 2019లో ఆ శ్రేణి ఇండోనేసియా తయారీతో కొత్తగా వచ్చింది, అంతకుముందరి చైనా బేస్‌లను ఇప్పటికీ ఏరికోరి అడుగుతారు.

ఇక యాక్టివ్. దీన్ని కొత్త ఫీచర్ అనడమే విచిత్రం. మ్యూజిక్‌మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్ బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌తో (సిగ్నల్‌ను పెంచి టోన్ మార్చే చిన్న సర్క్యూట్‌తో) 1976లోనే వచ్చింది. 1951లో పుట్టి, 1957లో ఇప్పటి రెండు ముక్కల స్ప్లిట్ పికప్ పెట్టుకున్న ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఈనాటికీ ఎక్కువగా పాసివ్‌గానే, అంటే బ్యాటరీ లేకుండానే, అమ్ముడవుతున్నది. యాక్టివ్‌లో గుణం లేదనను, స్టేజీ మీద టోన్ చేతిలో ఉంటుంది. కానీ సెకండ్ హ్యాండ్‌లో దాని బలహీనత బయటపడేది ఇక్కడే. శనివారం ప్రాక్టీసయ్యాక కేబుల్ పీకకుండా పోతారు. జాక్ గుచ్చి ఉన్నంతసేపు 9 వోల్టుల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. ఆదివారం రెండో పాటకు సౌండ్ పగిలి, సన్నబడి, ఆగిపోతుంది. ఏళ్ల తరబడి బ్యాటరీ తీయకుండా వదిలేసిన బేస్ మూత తెరిస్తే క్లిప్ చుట్టూ పచ్చటి పొక్కు కనిపిస్తుంది. ప్రీయాంప్ బోర్డు పోతే దేవరకొండలో ఎవరు చేస్తారు? పాసివ్‌లో ఉండేది రెండు మూడు పాట్లు (వాల్యూం, టోన్ తిప్పే నాబ్‌ల కింది భాగాలు), ఒక కెపాసిటర్, ఒక జాక్. యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ ఎవరైనా టంకంతో అంటిస్తాడు. కొనేటోళ్లు ఇది కూడా లెక్కేసుకుంటారు.

నాలుగు స్ట్రింగులకు కాలం చెల్లిందన్న మాటలో సగం నిజముంది. సింగర్ గొంతును బట్టి శ్రుతి దించి పాడే ఆర్కెస్ట్రాల్లో కింది నోట్లు కావాలి, అక్కడ ఐదు స్ట్రింగులది తొందరగా అమ్ముడుపోతుంది. కానీ ఆ ఐదో స్ట్రింగ్ మోగేది 31 హెర్ట్జ్ దగ్గర. నాలుగు స్ట్రింగులదాంట్లో అన్నిటికంటే కిందిది 41. చిన్న చర్చి హాల్లో పది అంగుళాల స్పీకర్ 41నే సరిగ్గా మోయదు. నేర్చుకునే పిల్లలు అడిగేదీ నాలుగు స్ట్రింగులదే.

హెడ్‌లెస్ కూడా నిన్నటిది కాదు, నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతంలోనే తెచ్చాడు. రోస్టెడ్ మేపుల్‌కు మాత్రం నిజమైన లాభముంది. కలపను వేడిలో కాల్చి తేమ పోగొడతారు, నెక్ వానకాలం వేసవికాలం మధ్య తక్కువ కదులుతుంది. 2018 స్టింగ్‌రే స్పెషల్‌కు అలాంటి నెక్‌తోపాటు బరువు తగ్గించిన హార్డ్‌వేర్ కూడా పెట్టారు. నన్నడిగితే ఆ బరువు తగ్గడమే అసలు ఫీచర్, పెళ్లి స్టేజీ మీద మూడు గంటలు నిలబడ్డ భుజాన్ని అడగండి. అయినా మామూలు నెక్ ఖరీదు పడేది రోస్ట్ చేయనందుకు కాదు, వంగినందుకు. మే నెల 43 డిగ్రీల్లో రేకుల గదిలో గోడకు ఆనించి వదిలేస్తే ఏ మోడలైనా వంగుతుంది.

అనుభవమున్న కొనుగోలుదారు చూసేది అదే. గడియారం సెంటర్‌లో టీ కొట్టు బల్ల మీదైనా సరే, బేస్‌ను తుపాకీలా పట్టి నెక్ వెంట ఒక కన్ను మూసి చూస్తాడు. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) మీద ఒక వేలు, నెక్ బాడీని కలిసే చోట ఇంకో వేలు నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద సందు చూస్తాడు. విజిటింగ్ కార్డు మందాన ఉంటే తల ఊపుతాడు. వేలు దూరేటట్టుంటే అలెన్ కీ తీసి, నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీ ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో చూస్తాడు. అది అప్పటికే చివరికంటా బిగిసి ఉంటే బేరం అక్కడే సగానికి దిగుతుంది. ఆ తర్వాత ఫ్రెట్ల అరుగుదల, వాల్యూం తిప్పితే గరగర. కొత్త మోడల్‌లో ఏమొచ్చిందని అడిగేటోడు తక్కువ.

మిగిలింది పికప్‌లు మార్చి అమ్మడం. పైసలు తిరిగి రావు. మీరు 8,000 పెట్టి వేయించిన పికప్ కొనేటోడికి "ఎవరో విప్పిన బేస్" లాగే కనిపిస్తుంది, రేటు పెంచకపోగా అనుమానంతో ఇంకో వెయ్యి కోస్తాడు. ఒరిజినల్ పికప్‌లు, వాటి స్క్రూలు ఇంట్లో ఉంటే తిరిగి బిగించి బేస్‌ను అమ్మండి, మంచి పికప్‌లను వేరుగా అమ్ముకోండి. పాతవి పారేసి ఉంటే ఆ మాట ముందే చెప్పి బేరం మొదలుపెట్టండి.