పైథాన్ చిన్న అప్‌డేట్లలో మన గుణింతాల వంతు ఎప్పుడు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మెయింటెనెన్స్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మార్పుల జాబితా చివరిదాకా చదువుతాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పుకుని బతికేవాణ్ణి, చదవక తప్పదు. ఆ జాబితాలో ఒకే ఒక్క విషయం కోసం వెతుకుతాను, గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన పేర్లని పైథాన్ అక్షరాలుగా ఒప్పుకుంటుందా అని. ప్రతిసారీ నిరాశే. చాలాకాలంగా లోపల పెట్టుకున్న కోపం ఇది. పోస్ట్ పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

తెలియనివాళ్లకి ముందు కాస్త చెప్తాను. పైథాన్ వెర్షన్‌లో మూడు అంకెలుంటాయి, 3.10.7 లాగా. మధ్య అంకె ఏడాదికోసారి అక్టోబర్‌లో మారుతుంది, కొత్త సదుపాయాలన్నీ అప్పుడే వస్తాయి. చివరి అంకె దాదాపు రెండు నెలలకోసారి మారుతుంది. అదే మెయింటెనెన్స్ అప్‌డేట్. అందులో తప్పులు దిద్దుతారు, డాక్యుమెంటేషన్ సరిచేస్తారు, భద్రత లోపాలు పూడుస్తారు, అంతే. నిన్న నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ కూడా అలాగే నడవాలన్నది నియమం. మంచి నియమం. ఇది లేకపోతే నాలాంటివాళ్లు రోజూ కొత్తగా పాఠం రాసుకోవాలి.

కానీ ఆ నియమాన్ని పైథాన్‌ని చూసుకునేవాళ్లే పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. 2022 సెప్టెంబర్‌లో 3.10.7 వచ్చింది. దాంతోపాటే పాత వరసలకి 3.9.14, 3.8.14, 3.7.14 కూడా వచ్చాయి. 4300 అంకెలకి మించిన సంఖ్యని టెక్స్ట్ నుంచి సంఖ్యగా, సంఖ్య నుంచి టెక్స్ట్‌గా మార్చడానికి పైథాన్ అప్పటినుంచి ఒప్పుకోదు. కారణం సరైనదే. ఆ మార్పిడిలో అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. ఎవడో ఒకడు కావాలని లక్షల అంకెల సంఖ్యని ఒక వెబ్‌సైట్‌కి పంపితే సర్వర్ అక్కడే ఇరుక్కుపోతుంది.

క్లాసులో ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. ఫాక్టోరియల్ (1 నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేది) పాఠం చెప్పగానే పిల్లలు పెద్ద పెద్ద సంఖ్యలు వేసి చూస్తారు. 1000 ఫాక్టోరియల్‌కి 2568 అంకెలు, చక్కగా ప్రింట్ అవుతుంది. 2000 ఫాక్టోరియల్‌కి 5736 అంకెలు. 3.10.6లో ప్రింట్ అయిన ఆ ప్రోగ్రామే 3.10.7లో వాల్యూఎర్రర్ అనే తప్పు సందేశం ఇచ్చి ఆగిపోతుంది. లెక్క కట్టడం దాకా బాగానే ఉంటుంది, చూపించమంటేనే మొరాయిస్తుంది. పరిమితిని పెంచుకోవడానికీ, తీసేయడానికీ దారి ఉంది, కాకపోతే అది తెలిసినవాళ్లకే. అదే ల్యాబ్‌లో ఓ మూల విండోస్ 7 మీద నడిచే పాత కంప్యూటర్ ఉంటుంది. దానికి ఎక్కే చివరి వరస 3.8. ఆ వరసలో 3.8.10 తర్వాత ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేశారు, సోర్స్ కోడ్ మాత్రమే పెట్టారు. అంటే 3.8.14లో వచ్చిన ఈ దిద్దుబాటు ఆ మెషీన్‌ దాకా రానే రాలేదు. దాని మీద 2000 ఫాక్టోరియల్ ఇప్పటికీ ప్రింట్ అవుతుంది. చిన్న ఊళ్లలో భద్రత అప్‌డేట్ల సంగతి ఇదీ. దీని మీద విడిగా ఇంకో పోస్ట్ రాయాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. భద్రత కోసం అవసరమని నడుస్తున్న ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయని తెలిసీ చివరి అంకెలో ఈ మార్పు పెట్టారు. నేను దాన్ని తప్పుపట్టను. కానీ మన పేర్ల దగ్గరికి వచ్చేసరికి అదే నియమం రాతిగోడలా ఎందుకు నిలబడుతుంది?

మా ఊళ్లో ఒక చోట పిల్లల పేర్లు వాళ్ల లిపిలోనే నింపే ఫారం పెట్టారు. ఎవరు పెట్టారో ఇక్కడ అనవసరం. ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మా పాప పేరు తప్పంటదేటండి ఈ కంప్యూటర్?" అని అడిగింది. పాప పేరు సీత. లోపల కోడ్ చూస్తే, పేరులో అక్షరాలు మాత్రమే ఉన్నాయా అని ఈజ్‌ఆల్ఫా అనే మెథడ్‌తో తనిఖీ చేస్తున్నారు. కోడ్ రాసిన కుర్రాణ్ణి ఏమనగలం? ప్రతి పుస్తకంలోనూ, ప్రతి వీడియోలోనూ చెప్పేది అదే.

మీరే చేసి చూడండి. 'కమల' అని ఇవ్వండి, ట్రూ (అవును) అంటుంది. 'రమ', ట్రూ. 'రాము', ఫాల్స్ (కాదు). 'సీత', 'పద్మ', 'గంగ', అన్నీ ఫాల్స్. విడి అచ్చులూ, తలకట్టు హల్లులూ మాత్రమే ఉన్న పేర్లు నెగ్గుతాయి. గుణింతపు గుర్తు వచ్చినా, ఒత్తు వచ్చినా, సున్న వచ్చినా పేరు చెల్లదు. ఒడియాలో రాసినా ఇంతే, కమల వెళ్తుంది, సీత ఆగిపోతుంది. ప్రపంచంలోని లిపులన్నిటినీ కంప్యూటర్‌లో రాయడానికి వాడే ప్రమాణం యూనికోడ్. అది మన గుణింతపు గుర్తుల్ని 'అక్షరం' కింద కాకుండా 'చిహ్నం' అనే వేరే వర్గంలో పెట్టింది. పైథాన్ ఈజ్‌ఆల్ఫా ఆ మొదటి వర్గాన్ని మాత్రమే చూస్తుంది. ఆల్ఫబెటిక్ అనే వేరే లక్షణం యూనికోడ్‌లోనే ఉంది, అందులో మన గుణింతాలు ఉన్నాయి, ఒత్తుకి వాడే పొల్లు గుర్తు మాత్రం లేదు. పైథాన్ దాన్ని వాడదు.

టెక్స్ట్‌లో కావలసిన నమూనాల్ని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ఇంకా దారుణం. పదాల్ని విడదీయడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అనే గుర్తుకి 'పర్లాకిమిడి' ఇస్తే ఐదు ముక్కలు చేసి ఇస్తుంది: పర, ల, క, మ, డ. ఊరి పేరు ఎముకల గూడులా తిరిగొస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. యూనికోడ్ నిబంధనకి ఇది విరుద్ధమని 2011లోనే పైథాన్ బగ్‌ల జాబితాలో రాసి పెట్టారు.

ఇదే పైథాన్ 2008లో 3.0 వచ్చినప్పటినుంచి తెలుగు అక్షరాలతో వేరియబుల్ పేరు పెట్టుకోనిస్తోంది. రాము అని వేరియబుల్ పెట్టి దానికి 5 ఇవ్వండి, నిక్షేపంగా నడుస్తుంది. భాష తన వ్యాకరణంలో రామూని పూర్తి పేరుగా ఒప్పుకుంటుంది. ఫారంలోకి వచ్చిన రామూని మాత్రం అక్షరాలు కాదంటుంది. గుణింతాలతో ఏం చేయాలో వాళ్లకి తెలుసని ఇంతకన్నా రుజువేం కావాలి?

మా గజపతి జిల్లాలో ఉంటే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఇక్కడి సవరల భాషకి 1936లో మంగేయి గొమాంగో ఒక లిపి తయారుచేశారు, సొరంగ్ సొంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. ఆ లిపిలో విడిగా గుణింతపు గుర్తులు లేవు, అచ్చులు కూడా పూర్తి అక్షరాలే. కాబట్టి సవర పేర్లన్నీ ఈజ్‌ఆల్ఫా దగ్గర నెగ్గుతాయి. చాలా సంతోషం. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసింది ఈ ఊళ్లో ఉంటూనే. వాడుక తెలుగు కోసం ఆయన పోరాడిందీ ఇక్కడినుంచే. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం, ఆయన పేరే ఒక ప్రోగ్రామ్‌లో చెల్లదంటే ఊరుకుంటున్నాం.

"ఇంగ్లీషులో రాస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. అలా అనేవాళ్లు మహేంద్రతనయ నది దాటి ఒకసారి ఇటు వచ్చి చూడాలి. అటు ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్నవాళ్లకి తెలుగు ప్రభుత్వ భాష. ఇటు మాకు బడి రికార్డులో పేరు ఒడియాలో, ఆధార్ మీద ఒడియా, ఇంగ్లీషుల్లో, పెళ్లి శుభలేఖ మీద తెలుగులో ఉంటుంది. తెలుగులో పేరు రాసుకునే చోట్లు మాకు మిగిలినవే కొన్ని. అందులో ఒకటి దొరికినప్పుడు కంప్యూటర్ కాదంటే ఒళ్లు మండుతుంది.

"రీజెక్స్ అని బయటి మాడ్యూల్ ఉందిగా, అది వాడుకోండి" అని ఇంకొందరు. ఉంది, నేనూ వాడతాను. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అందులో గుణింతాల్ని కలుపుకునే పనిచేస్తుంది. కానీ నేర్చుకుంటున్న పిల్లవాడికి ముందు సమస్య ఉందని తెలియాలి కదా. వాడు 'రమ' అని పరీక్షించి, పనిచేసిందని ఫారం పెట్టేస్తాడు.

పైథాన్‌ని చూసుకునేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లు. వాళ్ల వాదన కూడా నాకు అర్థమవుతుంది. ఈజ్‌ఆల్ఫా ఇలాగే పనిచేస్తుందని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, మారిస్తే దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రామ్‌లు దెబ్బతింటాయి. సరే, పాతది కదపొద్దు. అక్టోబర్ వెర్షన్‌లో ఆల్ఫబెటిక్ లక్షణాన్నీ, పొల్లునీ చూసే కొత్త మెథడ్ ఒకటి పెట్టండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకి ఒక ఫ్లాగ్ (కావాలంటే ఆన్ చేసుకునే ఎంపిక) ఇవ్వండి. ఈలోపు డాక్యుమెంటేషన్‌లో 'రాము' ఫాల్స్ అవుతుందని ఒక్క ఉదాహరణ చేర్చండి. డాక్యుమెంటేషన్ దిద్దడం మెయింటెనెన్స్ అప్‌డేట్‌లో చేయదగ్గ పనే, నియమం ఏమీ అడ్డురాదు.

తెలుగు ప్రోగ్రామర్ల మీద నాకున్న కోపం ఇంతకన్నా ఎక్కువ. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా ఎంతమంది ఉన్నాం! ఈ బగ్ తగిలినప్పుడు చాలామంది పక్కదారి వెతుక్కుని వెళ్లిపోతున్నారు. పైథాన్ బగ్‌ల జాబితాలో ఆ చర్చలోకి వెళ్లి మన పేర్లతో నాలుగు ఉదాహరణలు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? వీలైతే డాక్యుమెంటేషన్ మార్పు మీరే రాసి పంపండి. ఓపెన్ సోర్స్ అంటే అదే కదా.

అప్పటిదాకా ఫారాలు రాసేవాళ్లకి నా విన్నపం. పేరు తనిఖీకి ఈజ్‌ఆల్ఫా వాడకండి. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో ప్రతి గుర్తు వర్గం చూసి, ఎల్‌తో (అక్షరం) గానీ ఎమ్‌తో (చిహ్నం) గానీ మొదలైతే ఒప్పుకోండి. ఇంటిపేర్లు పొడి అక్షరాల్లో రాస్తారు కాబట్టి ఖాళీనీ, చుక్కనీ కూడా రానివ్వండి. 'రాజ్‌కుమార్' లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని నాన్-జాయినర్ అనే గుర్తు ఒకటి ఉంటుంది. అది ఈ రెండు వర్గాల్లోనూ లేదు, దాన్ని విడిగా అనుమతించాలి. పరీక్షించేటప్పుడు సీత, పద్మ, గంగ, రాజ్‌కుమార్, ఈ నాలుగు పేర్లూ తెలుగులోనూ ఒడియాలోనూ వేసి చూశాకే ఫారం బయటపెట్టండి.