‘ఇంకో ఐదు నిమిషాలు’ గారికి బరంపురం వంటిళ్ళ విన్నపం

మహారాజశ్రీ ఇంకో ఐదు నిమిషాలు గారి సముఖమునకు, ఒడిశాలోని బరంపురం వంటిళ్ళవారు చేసుకొను విన్నపములు.

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ కుశలం ఒక పక్కనే ఉంది, అది తమ పక్క. మా పక్క బల్ల మీద, తమరి మాట విని ఓవెన్‌లో ఇంకాసేపు ఉంచిన పదిహేను చాక్లెట్ చిప్ కుకీలున్నాయి. గోడకి మేకు కొట్టాల్సి వస్తే సుత్తి వెతుక్కోనక్కర్లేదు.

తమరు ఎప్పుడు వేంచేస్తారో మాకు కంఠతా వచ్చు. సరిగ్గా పదో నిమిషం. అప్పటికి కుకీ అంచు బంగారు రంగు తిరుగుతుంది. నడుమ మాత్రం ఇంకా ఉబ్బి, తడిగా మెరుస్తూ, వేలు ఆనిస్తే దిగిపోయేలా ఉంటుంది. ఓవెన్ అద్దంలోంచి తొంగి చూసినవారెవరో “ఏటిది, పచ్చిగా ఉందే?” అంటారు. అంతే, తమరు పీట వేసుకుని కూర్చుంటారు. పక్కింటి ఒడియావారి దగ్గర “ఆఉ టికే” (ఇంకాస్త) అన్న పేరుతో దిగుతారని విన్నాం. పేరేదైతేనేం, పళ్ళకి పని ఒకటే.

తమరి పలుకుబడికి కారణం లేకపోలేదు. ఇది అప్పడాల ఊరు. పంటి కింద చప్పుడు చేయని సరుకుని ఇక్కడ అంత తేలిగ్గా నమ్మరు. బిస్కెట్టు విరిస్తే పక్కగదిలోవాళ్ళకి వినపడాలి. వంగిందంటే చెమ్మ పట్టిందనో ఉడకలేదనో తీర్పు.

మాకు అంతుపట్టనిది ఒకటుంది. ఇదే ఇళ్ళలో సంక్రాంతి ముందు అరిసెల మూకుడు దగ్గర తమరి పప్పులు ఉడకవు. పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో బెల్లం పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి, ఉండ కట్టిన క్షణాన గిన్నె దించేస్తారు. “ఇంకో ఐదు నిమిషాలు” అన్నవాళ్ళని వంటింట్లోంచి పంపేస్తారు. నూనెలోంచి అరిసె మెత్తగా వేలాడుతూ వస్తే ఎవరూ కంగారు పడరు. నొక్కి నూనె తీసి పక్కన పెడితే ఆరాక అదే గట్టిపడుతుందని తెలుసు. ఆరిసా పిఠా చేసే ఒడియావారికీ తెలుసు. ఓవెన్ తలుపు ముందు నిలబడేసరికి ఆ తెలివంతా ఏ గంగలో కలుస్తోందో!

కుకీ లోపల నడిచేదీ పాకం లెక్కే. వేడిగా ఉన్నంతసేపూ వెన్న ద్రవం, చక్కెర పాకం. అందుకే నడుమ మెత్తగా ఉంటుంది, పచ్చిగా ఉండి కాదు. నడుమ వేడి 80 డిగ్రీలు దాటితే గుడ్డూ పిండీ కుదురుకున్నట్టే. చల్లారాక వెన్న గడ్డకట్టి, పాకం బిగిసి, కుకీ తనంతట తనే నిలబడుతుంది. తమరు కూర్చున్న ఆ ఐదు నిమిషాల్లో జరిగేది వేరు: మిగిలిన నీరు కూడా ఆవిరైపోతుంది, పాకం ముదురుతుంది. ముదిరిన పాకంతో చేసిన అరిసె ఏమవుతుందో తమరికి చెప్పక్కర్లేదు. నలభై గ్రాముల ఉండ పాడవడానికి ఐదు దాకా ఎందుకు, తమరి తమ్ముడు ‘ఇంకో రెండు నిమిషాలు’ చాలు.

కాబట్టి లెక్క రాతమూలకంగా పెడుతున్నాం. ఉప్పులేని వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 110, మామూలు చక్కెర 50, గుడ్డు ఒకటి, వెనిల్లా ఒక చెంచా, మైదా 165, కార్న్‌ఫ్లోర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా, ఉప్పు పావు చెంచా, చాక్లెట్ చిప్స్ 150. వెన్నా చక్కెరలూ రెండు నిమిషాలు గిలకొట్టి, గుడ్డూ వెనిల్లా కలిపి, పొడిపిండి వేశాక తెల్లటి చారలు పోగానే చేయి ఆపాలి. పిండి ఎక్కువ కలిపితే సాగుడు పుడుతుంది. ఉప్పు వేసిన వెన్నయితే విడిగా ఉప్పు మానేయాలి. గుడ్డు తిననివారు 40 మిల్లీలీటర్ల పాలు పోసుకోవచ్చు. మెత్తగానే వస్తాయి, కాకపోతే నమిలే గుణం కొంత పోతుంది.

ఈ లెక్కలో తమరి మనుషులు చాలామందే చొరబడతారు. మొదటివాడు కప్పు. మైదా డబ్బాలోకి కప్పు ముంచి తీస్తే 150 గ్రాముల దాకా పడుతుంది. గరిటెతో వదులుగా పోసి పైన చదును చేస్తే అదే కప్పులో 125. ఆ తేడాకే కుకీ పొడిబారి గుండ్రాయిలా ఉబ్బి ఉంటుంది, పరుచుకోదు. కప్పుల బదులు చిన్న తూకం కొంటే ఈ గొడవ తీరిపోతుంది.

రెండోది నెయ్యి. “వెన్న ఎందుకు, ఇంట్లో కమ్మటి నెయ్యుంటే?” అనేవారు ప్రతి ఇంట్లో ఒకరు. నెయ్యిలో నీరుండదు. వెన్నలో 16 శాతం దాకా ఉంటుంది, నమిలే గుణానికి అదీ కావాలి. నెయ్యి పోస్తే వచ్చేది నోట్లో ఇసుకలా రాలే నాన్‌ఖటాయి. మంచి వస్తువే. పిలిచింది దాన్ని కాదు.

మూడోది బ్రౌన్ షుగర్ పేరుతో అమ్మే గరుకు డెమరారా. పలుకులు పెద్దవి, చెమ్మ తక్కువ, కుకీలో కరగకుండా కరకరలాడతాయి. అసలైనది చేత్తో పిసికితే తడి ఇసుకలా ముద్ద కట్టాలి. అందులోని మొలాసిస్ అనే చెరకు మడ్డే తడిని పట్టి ఉంచుతుంది. దొరక్కపోతే జల్లించిన బెల్లం పొడి వాడొచ్చు. రుచి అరిసె వైపు వాలుతుంది, ఈ ఊళ్ళో దానికెవరూ అభ్యంతరం చెప్పరు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. వెన్న మీద వేలు నొక్కితే గుంట పడాలి, వేలు జారకూడదు. బరంపురంలో మే నెల మధ్యాహ్నం ఆ స్థితి కాసేపే. ఫోనెత్తి మాట్లాడి వచ్చేసరికి గిన్నెలో నూనె. అలా కరిగిన వెన్నతో కలిపిన ముద్ద ట్రే మీద దోశలా పరుచుకుంటుంది, పల్చనైంది కాబట్టి త్వరగా ఎండుతుంది, అప్పుడిక తమరు రాకపోయినా తమరి పని అయిపోతుంది. మందు ఒకటే: నలభై గ్రాముల ఉండలు చేసి కనీసం గంట ఫ్రిజ్‌లో పెట్టడం. రాత్రంతా ఉంచితే పిండి తడిని పూర్తిగా పీల్చుకుని రంగూ రుచీ ఇంకా బాగుంటాయి. రెండు వాయిలు వేసేవారు రెండో వాయి ఉండల్ని వేడి ట్రే మీద పెట్టడం మహాపాపం.

ఓవెన్ 170 డిగ్రీలు, పైనా కిందా రాడ్లు రెండూ, నడిమి అర, ఉండకీ ఉండకీ రెండంగుళాల ఎడం, పది నిమిషాలు. నల్ల ట్రే అయితే అడుగు ముందే మాడుతుంది, పది డిగ్రీలు తగ్గించాలి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సాయంత్రం 230 ఉండాల్సిన వోల్టేజీ 190కి పడితే రాడ్డు ఇచ్చే వేడి దాదాపు మూడోవంతు పడిపోతుంది. అప్పుడు పది నిమిషాలకి అంచు కూడా తెల్లగానే ఉంటుంది. అలాంటి రోజు తమరు తప్పక దయచేయండి, ఎదురొచ్చి కాళ్ళు కడుగుతాం. మా షరతు ఒక్కటే: అంచు రంగు చూసి రండి, నడుమ మెరుపు చూసి రావద్దు. ఎనిమిదో నిమిషంలో కరెంటే పోతే తలుపు తీయకుండా వదిలేయాలి. లోపలి వేడి మిగతా పని చూసుకుంటుంది.

తమరు కుకీ వంశవృక్షం తీస్తారని తెలుసు. బరంపురం 1936లో ఒరిస్సాలో కలిసింది. రెండేళ్ళకి, 1938లో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం విట్‌మన్ ఊళ్ళో టోల్ హౌస్ అనే సత్రం నడిపే రూత్ వేక్‌ఫీల్డ్ వంటపుస్తకంలోకి ఈ కుకీ ఎక్కింది. అప్పుడు దాని పేరులోనే ‘క్రంచ్’ ఉంది. అంటే పుట్టుకతో కరకరలాడేదే, తమరి ఇంటిపిల్లే. కాదనం. పెరిగి పెద్దదై మెత్తనింట కాపురం పెట్టుకున్నదాన్ని పుట్టింటివారు జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళకూడదు కదా.

చివరికి రాజీ. తమరి ఐదు నిమిషాలు మాకూ కావాలి, ఓవెన్ తలుపుకి ఇవతల. పదో నిమిషానికి ట్రే తీసి గట్టు మీద పెడతాం. కుకీలు దాని మీదే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ట్రే వేడికి అడుగు కుదురుకుంటుంది, నడుమ కాస్త కుంగుతుంది. ముందే ఎత్తితే విరిగి చాక్లెట్టు కారుతుంది. ఆ తరవాత అట్లకాడతో జాలీ మీదికి. ఆ ఐదు నిమిషాలూ పూర్తిగా తమవి. కాపలా కాయండి, పిల్లల చేతులు ట్రే మీద పడకుండా చూడండి.

చిత్తగించవలెను.

తా.క.: తమరి పాత కానుకలు పారేయలేదు. బిగుతు మూత డబ్బాలో ఒక బ్రెడ్డు ముక్కతో పెడితే తెల్లారేసరికి కొంత మెత్తబడ్డాయి. అడుగు నల్లబడినవి మాత్రం ఎంతకీ లొంగలేదు. వాటిని రేపు సాయంత్రం తమరికే టీతో పాటు పెడుతున్నాం.