చాటుమాటు రాజీ

బార్సిలోనాలో ఫార్ములా వన్ కార్ల టెస్టింగ్ ఆఖరి రోజు. 2020 ఫిబ్రవరి 28న ఆ టెస్టింగ్ ముగిసే వేళ చూసుకుని, ఈ పోటీలకు నిబంధనలు పెట్టే ఎఫ్‌ఐఏ ఓ చిన్న ప్రకటన వదిలింది. ఫెరారీ ఇంజిన్‌పై విచారణ ముగిసిందట. ఆ జట్టుతో ఒప్పందం కుదిరిందట. అందులో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పరట! ఫెరారీ ఇంజిన్ వాడని ఏడు జట్లూ ఆ తర్వాతి వారం ఒక్కటై నిలదీశాక మరో ముక్క బయటికొచ్చింది. ఇంజిన్ అన్నివేళలా నిబంధనలకు లోబడే నడిచిందన్న నమ్మకం ఎఫ్‌ఐఏకే పూర్తిగా లేదు. నిరూపించే తిరుగులేని సాక్ష్యమూ లేదు. అందుకే రాజీ.

కోర్టులో నిలబడని కేసును ఏళ్ల తరబడి సాగదీయడం దండగన్న ఎఫ్‌ఐఏ వాదనలో కొంత పస ఉంది. ఫెరారీ కూడా తప్పు చేయలేదనే చెప్పింది. సరే, రాజీ పడండి. దాన్ని దాచడం దేనికి?

వివాదమంతా ఇంజిన్‌లోకి గంటకు 100 కిలోలకు మించి ఇంధనం వెళ్లకూడదన్న అప్పటి పరిమితి చుట్టూనే. సెన్సర్ ఇంధన ప్రవాహాన్ని విడతలుగా కొలుస్తుంది. ఒక కొలతకూ మరో కొలతకూ నడుమ దొరికే సందులో అదనపు ఇంధనం పంపితే ఒప్పుకొంటారా అని 2019లో రెడ్‌బుల్ జట్టు అడిగింది. కుదరదని అమెరికాలోని ఆస్టిన్ రేసు ముంగిట ఎఫ్‌ఐఏ తేల్చింది. అంతకుముందు వరుసగా 6 రేసుల్లో పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు నుంచి బయలుదేరే చోటు, ఫెరారీదే. ఆ తర్వాత మిగిలిన మూడింటిలో ఒక్కటీ రాలేదు. కాకతాళీయమే కావచ్చు. కాదో అవునో తేల్చాల్సినవారే పెదవి కుట్టేసుకున్నారు.

ఇదే పరిమితి మీరాడని 2014లో మెల్‌బోర్న్‌లో రెడ్‌బుల్ డ్రైవర్ రికియార్డో రెండో స్థానాన్ని లాగేసుకున్నారు. సెన్సరే తప్పు చూపుతోందని రెడ్‌బుల్ మొత్తుకున్నా వినలేదు. అప్పీలు వేస్తే అదీ కొట్టేశారు. 2005లో బీఏఆర్ అనే జట్టు కారు ఇంధనమంతా తోడాక బరువు తక్కువ తూగింది. ఉద్దేశపూర్వక మోసమని నిరూపణ కాకపోయినా ఆ జట్టును మరో రెండు రేసులకు దూరం పెట్టారు. 2007లో ఫెరారీ రహస్యాలు ప్రత్యర్థి జట్టు మెక్‌లారెన్ చేతికి చిక్కినప్పుడు 10 కోట్ల డాలర్ల జరిమానా వేసి లోకానికంతా చాటారు. ఫెరారీ బాధితురాలైతే బహిరంగ శిక్ష, అనుమానితురాలైతే తలుపులు మూసుకుని మంతనాలా? అప్పటి ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు జాన్ టాడ్ అంతకుముందు ఫెరారీ జట్టు సారథే. ఆయన పక్షపాతం చూపారని మేం అనడం లేదు. అనుకునేవాళ్ల నోరు మూయించే కాగితం ఆయన దగ్గరే ఉండేది కదా అంటున్నాం.

గొంతెత్తిన ఏడు జట్లేమీ కడిగిన ముత్యాలు కావు. నిబంధనల్లో సందులు వెతకడానికే జీతమిచ్చి ఇంజినీర్లను పోషించే కంపెనీలవి. అయితే అసలు భయం కూడా అక్కడే ఉంది. రేపు మెర్సిడెస్ పట్టుబడుతుంది, ఎల్లుండి హోండా. మా ఇంజిన్ చిక్కుముడి విప్పడం మీ తరం కాదు, రండి, గదిలో కూర్చుని మాట్లాడుకుందాం అంటే ఏ మొహంతో కాదంటారు? అంతుపట్టని మోసం చేసినవాడికి రాజీ, తేలిగ్గా దొరికినవాడికి శిక్ష అన్న ఆనవాయితీకి ఎఫ్‌ఐఏ తన చేత్తోనే ముద్ర వేసింది.

పైగా ఈ ఒప్పందంలో కర్బన ఉద్గారాల పరిశోధనకు ఫెరారీ సాయం చేస్తుందన్న వాక్యమొకటి! దొంగచాటుగా అదనపు ఇంధనం పంపారా అని అడిగితే పర్యావరణ పాఠం చెబుతారా? ప్రతి జట్టు ట్యాంకులోని ఇంధనాన్ని గ్రాములతో సహా లెక్క అడిగే పెద్దమనుషులు ముందు తాము సంతకం పెట్టిన కాగితాన్ని బయట పెట్టాలి. ఆ ధైర్యం లేకపోతే రికియార్డోను పిలిచి క్షమాపణ అయినా చెప్పుకోవాలి.