యాక్షన్ సినిమాకి నన్నెవరూ లాక్కెళ్లలేదు

యాక్షన్ సినిమాలంటే ఇష్టమని ఒక మగవాడు చెప్తే మాట అక్కడితో అయిపోతుంది. అదే మాట నేను చెప్తే విచారణ మొదలవుతుంది. నిజంగానా? మీ ఆయన చూస్తాడని చూస్తావా? అన్నయ్య అలవాటు చేశాడా? హీరో బావుంటాడనా? కొందరైతే ఏకంగా పరీక్షే పెడతారు. మూడో భాగంలో విలన్ పేరేంటి, ఆ డైరెక్టర్ మొదటి సినిమా ఏది అని. అన్నిటికీ జవాబు చెప్తే చివర్లో ఒక సర్టిఫికెట్: "నువ్వు మిగతా ఆడవాళ్లలా కాదు." మంచి మనసుతోనే అంటారు, నాకు తెలుసు. కానీ మిగతా ఆడవాళ్లందర్నీ ఒక మెట్టు కిందకి దించి నాకిచ్చే మెచ్చుకోలు నాకెందుకు?

ఇంతమంది ఇన్ని అడుగుతారు గానీ ఏం నచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అందుకే నేనే చెప్తాను.

మంచి ఫైట్‌లో నేను ముందు చూసేది చోటు. తలుపు ఎటుంది, కిటికీ ఎటుంది, ఎవరు ఎటునుంచి వస్తున్నారన్నది మొదటి దెబ్బ పడకముందే మనకి తెలిసిపోవాలి. అప్పుడు హీరో ఒక్కడుగు వెనక్కి వేసినా, ఇంకో అడుగేస్తే గోడ తగులుతుందని మనకి ముందే తెలుసు కాబట్టి ఒళ్లు బిగుసుకుంటుంది. అది తెలియనప్పుడు ఎన్ని బల్లలు విరిగినా చప్పుడే తప్ప టెన్షన్ ఉండదు. తర్వాత చూసేది అలసట. మోకాలికి దెబ్బ తగిలినవాడు ఇంకో సీన్‌లో మెట్లెక్కేటప్పుడు కుంటుతున్నాడా? పిడికిలి నొప్పెట్టి చెయ్యి విదిలించుకుంటున్నాడా? ఇలాంటివి పట్టించుకున్న సినిమా మీద నాకు గౌరవం పుడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఇందులో మగవాళ్లకి మాత్రమే అందే ఆనందం ఏది? భయం, వేగం, ముందేం జరుగుతుందోనన్న అంచనా, అది తలకిందులైనప్పుడు గుండె ఝల్లుమనడం. ఇవి ఒంట్లో ప్రాణమున్న ఎవరికైనా కలిగేవే.

తీసేవాళ్ల వైపు నుంచి చూసినా అంతే. ఎడారిలో బళ్ల ఛేజింగ్‌తో సాగే యాక్షన్ సినిమా ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్. అంతకుముందు ఆవిడ యాక్షన్ సినిమా ఎడిట్ చేయలేదు. దాదాపు 480 గంటల ఫుటేజీ ఆవిడ ముందుకొచ్చింది. దాన్నుంచి రెండు గంటల సినిమా తీసింది. అందులో కట్స్, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారడాలు, దాదాపు 2,700. అంత వేగంలోనూ ఏ బండి ఎటు పోతోందో, ఎవరు ఎవరి మీదకి దూకుతున్నారో మనం తప్పిపోం. చూడాల్సినదాన్ని దాదాపు ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలోనే ఉంచారు, కన్ను వెతుక్కోవాల్సిన పనే లేదు. ఆ పనికి ఆవిడకి ఆస్కార్ వచ్చింది. ఆడమనిషి ఎడిట్ చేసింది కాబట్టే అంత బాగుందని నేననను. అది యాక్షన్‌ని ఆడా మగా అని విడగొట్టే అపోహకే ఇంకో ముఖం. చేతిలో పనితనం ఉంది, ఓపిక ఉంది, చేసింది.

ఇక లెక్కల సంగతి. యాక్షన్ సినిమా విడుదలైన మొదటి రోజుల్లో హాల్లో మగవాళ్లే ఎక్కువ ఉంటారని వాదిస్తారు. చాలా సినిమాలకి అది నిజమే, కాదనను. కానీ ఆ లెక్క ఎవరు రాగలిగారో చెప్తుంది. ఎవరికి ఇష్టమో చెప్పదు. తోపులాట, మీద పడే చేతులు, ఆట వదిలేసరికి అర్ధరాత్రి. ఇవన్నీ ఆలోచించుకుని ఆగిపోయిన ఆడవాళ్లు ఆ లెక్కలో ఎక్కడున్నారు? వాళ్లు ఆ సినిమాని తర్వాత ఇంట్లో, పని చేసుకుంటూ, ముక్కలు ముక్కలుగా చూస్తారు. హాలు లెక్కల్లో అది కనపడదు.

"నాకు ఫైట్ సినిమాలు పడవు" అనే ఆడవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరిని కూర్చోబెట్టి అడిగాను. తన్నులాట వాళ్లకి బాధ కాదు. తన్నులాటకి ముందొచ్చే సీన్ బాధ. హీరోకి కోపం రావాలి కాబట్టి అతని చెల్లెల్ని పాడుచేస్తారు. భార్యని చంపేస్తారు. ఆ అమ్మాయికి రెండు సీన్లు, ఒక పాట, ఒక చావు. ఆమె పేరు కూడా మనకి గుర్తుండదు, ఆమె ఫొటో ముందు హీరో చేసిన శపథం మాత్రం గుర్తుంటుంది. ఆ సీన్‌ని కెమెరా ఎంత సేపు, ఎంత దగ్గర్నుంచి చూపిస్తుందో గమనించండి. హాల్లో కూర్చున్న ఆడపిల్ల తల దించుకుని, అది అయిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. ఆమె ‘నాకు నచ్చలేదు’ అంటే "ఆడవాళ్లకి యాక్షన్ ఎక్కదులే" అని తేల్చేస్తారు. ఆమెకి నచ్చనిది యాక్షన్ కాదు. తనని సరుకుగా వాడుకోవడం. ఈ రెండూ ఒకటేనని దశాబ్దాలుగా నమ్మించారు. నాకు నిజంగా కోపమొచ్చేది ఇక్కడే.

ఆ సరుకుతనం లేకుండా సినిమా తీయడం కుదరదా? ‘ఏలియన్’ (1979) స్క్రిప్టులో పాత్రలన్నీ ఆడవాళ్లైనా మగవాళ్లైనా వేయొచ్చని రాసిపెట్టారు. అందులో ముఖ్యమైన రిప్లీ పాత్ర నటి సిగోర్నీ వీవర్‌కి దక్కింది. కథ జరిగే అంతరిక్ష నౌకలో చివరిదాకా బతికి బయటపడేది ఆమే. మన దగ్గర 1990లో ‘కర్తవ్యం’ వచ్చింది. విజయశాంతి పోలీస్ ఆఫీసర్‌గా లాఠీ పట్టుకుని నిలబడితే హాల్లో ఈలలేసింది మగవాళ్లు కూడా. ఆ పాత్రకి ఆవిడకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

తెర మీద దెబ్బలు తినే పనిలో కూడా ఈ వివక్ష ఉంది. హాలీవుడ్‌లో హీరోయిన్ డూప్‌గా మగవాడికి విగ్గు పెట్టి దూకించడం ఏళ్లతరబడి సాగింది, స్టంట్ చేసే ఆడవాళ్లు దాని మీద పోరాడాల్సి వచ్చింది. పోనీ అవకాశం ఇచ్చారనుకుందాం. హీరో డూప్ జాకెట్ కింద, ప్యాంటు కింద మోచేతులకీ మోకాళ్లకీ ప్యాడ్లు కట్టుకుంటాడు. హీరోయిన్ డూప్ చాలాసార్లు వేసుకునేది చేతుల్లేని పొట్టి డ్రెస్. అదే మెట్లు, అదే పడటం. ప్యాడ్ దాచుకునే చోటే ఉండదు. ఇది తెలిశాక హీరోయిన్ కింద పడే షాట్‌ని నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

నటి మిషెల్ యో గురించి చెప్పకుండా ఉండలేను. బ్యాలే నేర్చుకుని సినిమాల్లోకి వచ్చిన మనిషి. 1992 నాటి హాంకాంగ్ సినిమా ‘పోలీస్ స్టోరీ 3’లో మోటార్ సైకిల్ మీద వేగంగా వచ్చి, కదులుతున్న రైలు పైకి దూకింది. డూప్ లేదు, ఆవిడే. ఆ షాట్ చూశాక యాక్షన్ మగవాళ్ల సొత్తని ఎవరైనా అనగలరంటే నాకు ఆశ్చర్యమే.

మగవాళ్లకీ ఇందులో నష్టముంది. నెత్తురు చూస్తే కళ్లు తిరిగే స్నేహితుడు నాకొకడున్నాడు. కుటుంబ కథలు చూసి హాయిగా ఏడుస్తాడు. నలుగురిలో మాత్రం ఫైట్లే ఇష్టమని చెప్తాడు. లేకపోతే ఏమంటారో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. తనకి నచ్చింది నచ్చిందని చెప్పుకోవడానికి కూడా ఒక మనిషి భయపడాలా?

ఈసారి ఏ అమ్మాయైనా తనకి యాక్షన్ సినిమాలు ఇష్టమంటే విలన్ల పేర్లు అడగకండి. ఏ ఫైట్ నచ్చింది, ఎందుకు నచ్చింది అని అడగండి. నన్నడిగితే మెట్ల మీద జరిగే ఫైట్లతో మొదలుపెడతాను. పైనున్నవాడికి బలం, కిందున్నవాడికి భయం, ఒక్క మెట్టు జారితే అంతా తారుమారు. వాటి గురించి ఎంతసేపైనా మాట్లాడతాను.