కోర్దోబాకు రెండు గంటలు చాలవు

స్పెయిన్ ప్రయాణం పెట్టుకున్న మనవాళ్ళకు ఫోన్లలో ఒక సలహా అందుతోంది: "కోర్దోబాలో చూడాల్సింది మెస్కీతా ఒక్కటే. అదీ మసీదును కూల్చి కట్టిన చర్చి. పక్కనే రెండు వేల ఏళ్ళ రోమన్ వంతెన మీద ఫొటో తీసుకోండి. ఊరి బయటి మెదీనా అసారా ఉత్త రాళ్ళగుట్ట. రెండు గంటల్లో ముగించుకుని సెవిల్ రైలెక్కండి." దీన్ని నమ్మి వెళ్ళినవాళ్ళు ఎంత పోగొట్టుకుంటున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ముందు ఆ "కూల్చి" అన్న మాట సంగతి. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్దినాందో ముస్లింల ఏలుబడిలోని ఈ నగరాన్ని గెలిచాక మసీదును చర్చిగా మార్చారే తప్ప పడగొట్టలేదు. దెబ్బ తగిలింది దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత. 1523లో బిషప్ అలోన్సో మన్రీకే మధ్యలోని స్తంభాలను తీయించి పెద్ద చర్చి కట్టించడం మొదలుపెట్టాడు. అడ్డుపడింది ఎవరో కాదు, క్రైస్తవులే ఉన్న నగర పాలక మండలి. ఆ పనిలో చెయ్యి పెట్టిన పనివాళ్ళకు మరణశిక్ష తప్పదని చాటించింది కూడా. చక్రవర్తి ఐదో చార్లెస్ బిషప్ పక్షం వహించడంతో పని సాగింది. అయినా ఎనిమిది వందలకు పైగా స్తంభాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

వాటిలో చాలా స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింలకు ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. ఆ పొట్టి స్తంభాలతో కప్పు ఎత్తు చాలక కమాను మీద కమాను వేశారు. ఎనిమిదో శతాబ్దపు భాగంలో ఆ కమానుల మీది ఎర్ర చారలు ఇటుకలవి. రెండు వందల ఏళ్ళ తర్వాత ఇక్కడ అధికారం చెలాయించిన మంత్రి అల్‌మన్సూర్ కలిపిన భాగంలో మాత్రం రాతికి ఎర్ర రంగు పూసి సరిపెట్టారు. దగ్గరగా నిలబడి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. మక్కా దిక్కును సూచించే మిహ్రాబ్ ముందు బంగారు మొజాయిక్ పనికి బైజాంటియమ్ చక్రవర్తి సామగ్రి పంపాడు. రెండు గంటలు ఇక్కడే గడిచిపోతాయి.

వంతెనకు రోమన్ల పునాది ఉన్నమాట నిజం. కానీ పదహారు కమానుల్లో రోమన్ల నాటివిగా చెప్పేవి రెండే. మిగతావి తర్వాతి శతాబ్దాల మరమ్మతులు.

"ఒక్కటే" అన్నది మరీ అన్యాయం. మెస్కీతా నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే 1315 నాటి యూదుల ప్రార్థనా మందిరం వస్తుంది. స్పెయిన్‌లో మిగిలిన మధ్యయుగపు యూదు మందిరాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 1492లో యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టాక దీన్ని పిచ్చికుక్క కాటు రోగుల ఆసుపత్రిగా వాడారు. అయినా గోడల మీది హీబ్రూ అక్షరాలు బతికాయి. ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్, యూదు తత్త్వవేత్త మైమోనిడెస్ ఇద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టారు.

ఇక "రాళ్ళగుట్ట". మెదీనా అసారా కోర్దోబా ముస్లిం పాలకుడు మూడో అబ్దుర్రహ్మాన్ ఖలీఫా బిరుదు ధరించాక పదో శతాబ్దంలో కొండవాలున కట్టించుకున్న రాజధాని. నూరేళ్ళు నిండకుండానే అంతర్యుద్ధంలో తగలబడింది. తర్వాతివాళ్ళు రాళ్ళు మోసుకుపోయారు. 1911 నుంచి తవ్వుతున్నా బయటపడింది పదోవంతే. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. తీగలు, ఆకులు చెక్కిన పలకలను ముక్క ముక్కగా ఏరి, పోల్చి, తిరిగి గోడలకు అమర్చిన దర్బారు శిల్పం అక్కడి విశేషం. సోమవారం మూసి ఉంటుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. అందుకోసమైనా కోర్దోబాలో ఒక రాత్రి బస చేయండి.