మేనేజ్‌మెంట్ కోటా తేనెటీగలు

బెంగళూరులో ఓ ఇంజనీరింగ్ కాలేజీ. పేరెందుకు లెండి. మన పిల్లలే సగం మంది ఉంటారు. అనంతపురం, కర్నూలు నుంచి వచ్చే తల్లిదండ్రులకు గేటు దగ్గర ఆటోవాళ్లు తెలుగులోనే రేటు చెబుతారు. ఆ కాలేజీ ఈ మధ్య తేనెటీగలకు కూడా అడ్మిషన్లు మొదలుపెట్టింది. అభినందించాల్సిన విషయం. కాకపోతే సీట్లు రెండు రకాలు. వాటంతట అవే వచ్చిన ఈగలు, డబ్బు కట్టి తెచ్చిన ఈగలు. మొదటి రకానికి సీటు దొరకలేదు.

మొదటి రకం కొండ తేనెటీగలు. లైబ్రరీ నాలుగో అంతస్తు ఛజ్జా కింద పట్టు పెట్టాయి. వీటిని పెట్టెల్లో పెంచలేం. ఎత్తయిన చోట, గాలీ వెలుతురూ తగిలేలా, ఒకే ఒక్క పట్టు కడతాయి. అది మీటరు వెడల్పు దాటినా ఆశ్చర్యం లేదు. వేల ఈగలు దాన్ని పొరలు పొరలుగా కప్పుకుని ఉంటాయి. కందిరీగ దగ్గరికొస్తే వరసగా పొట్టలు పైకెత్తి, పట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఓ అల లేపుతాయి. ఊళ్లో పూత ఉన్నన్నాళ్లు ఉండి, అయిపోగానే ఖాళీ చేసి పోతాయి. బెంగళూరులో అడ్వాన్సు గొడవ లేకుండా ఇల్లు ఖాళీ చేసే అద్దెదారులు బహుశా ఇవొక్కటే.

కానీ ఫిర్యాదు వచ్చింది. రాత్రిపూట హాస్టల్ గదుల్లోకి వస్తున్నాయని. నిజమే, వస్తున్నాయి. కొండ తేనెటీగలు వెన్నెల రాత్రుల్లో కూడా ఎగురుతాయి, దీపాలకు ఆకర్షితమవుతాయి. టెక్ ఫెస్ట్ కోసం పెట్టిన ఫ్లడ్ లైట్లు, ఫెస్ట్ అయిపోయినా తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. కాలేజీలో ఈ సంగతి తెలిసిన నిపుణుడు ఒక్కడే, బాగేపల్లి నుంచి వచ్చిన తోటమాలి. "ఆ లైట్లు ఆర్పేస్తే రావు సార్. పూత అయిపోతే అవే లేచిపోతాయి. యాల సంపేది?" అన్నాడు. ఆయనకు పీహెచ్‌డీ లేకపోవడం వల్ల ఆ అభిప్రాయాన్ని మినిట్స్‌లో నమోదు చేయలేదు. హెబ్బాళ్ దాటితే జీకేవీకే ఉంది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల కోసం ఏకంగా ఓ విభాగమే ఉంది. వాళ్లకైనా ఒక ఫోన్ కొట్టలేదు. పెస్ట్ కంట్రోల్‌కు కొట్టారు.

ఈలోగా రెండో రకానికి టెండర్ పిలిచారు. ఇటాలియన్ తేనెటీగలు. పేరులోనే ఫారిన్ రిటర్న్. మన దేశంలో ఇవి 1960లలో పంజాబ్‌లో నిలదొక్కుకున్నాయి. పెట్టెల్లో బుద్ధిగా ఉంటాయి, లోగో అతికించడానికి పెట్టెకు నాలుగు పక్కలూ ఉంటాయి. కొండ తేనెపట్టు మీద లోగో ఎక్కడ అతికిస్తారు, మీరే చెప్పండి.

ప్రారంభోత్సవం మే 20న. ఆ రోజు ప్రపంచ తేనెటీగల దినం. స్లొవేనియాకు చెందిన పాతకాలపు తేనెటీగల పెంపకందారు అంటోన్ యాన్షా పుట్టినరోజు. ఐక్యరాజ్యసమితి ప్రకటన తర్వాత 2018 నుంచి ఈ రోజును జరుపుకుంటున్నారు. యాంకరమ్మాయి ఇదంతా కార్డు చూసి చక్కగా చదివింది. ముఖ్య అతిథి పక్కకు వంగి "యాన్షా ఏ బ్యాచ్?" అని ప్రిన్సిపాల్‌ను అడిగారు. వేదిక నిండా ప్లాస్టిక్ పూలు. వెనక ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద "ప్లాస్టిక్ రహిత క్యాంపస్". అతిథికి ఇచ్చిన బొకేకు సెల్లోఫేన్ చుట్టారు. రెండో సంవత్సరం కుర్రాడొకడికి పసుపు, నలుపు చారల స్పాంజి సూటు వేసి రెక్కలు తగిలించారు. వాడు చేతులూపుతూ అటూ ఇటూ ఎగరాలి. పది నిమిషాలు ఎగిరాడు, పదకొండో నిమిషంలో కళ్లు తిరిగి పడ్డాడు. అది కూడా కార్యక్రమంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. మా అన్నయ్య కొడుకు అక్కడే చదువుతున్నాడు. "బాబాయ్, వాడికి పురుగుమందుల ప్రభావం అని రోల్ ఇచ్చారేమో అనుకున్నాం" అన్నాడు. తర్వాత అందరికీ చిన్న చిన్న సీసాల్లో "క్యాంపస్ తేనె" పంచారు. పెట్టెలు వచ్చింది ఆ పొద్దున్నే. కూలీ ఈగ ఒకటి జీవితాంతం కష్టపడితే తయారయ్యేది చెంచాలో పన్నెండో వంతు తేనె. కాఫీ బ్రేక్ లోపలే అన్ని సీసాలు నింపిన ఈ ఈగలకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఖాయం.

ప్లాస్టిక్ పూల దండ మీద మాత్రం ఒక్క ఈగ కూడా వాలలేదు. ఎంత టెన్షన్‌లో ఉన్నా తేనెటీగకు ఆ మాత్రం తెలుసు.

అసలు పువ్వులేవి? రెండేళ్ల కిందటి దాకా గేటు నుంచి మెకానికల్ బ్లాక్ దాకా కానుగలు, వేపలు ఉండేవి. కానుగ పూసిందంటే చెట్టంతా జుమ్మని మోగేది. వాటిని కొట్టేసి సోలార్ కప్పుతో పార్కింగ్ కట్టారు. దానికి "గ్రీన్ పార్కింగ్" అని పేరు. మిగతా చోట్ల లాన్, కుండీల్లో పామ్ మొక్కలు. మొన్న ఉగాదికి హాస్టల్ పిల్లలు పచ్చడి చేసుకుందామని వేపపువ్వు కోసం క్యాంపస్ అంతా తిరిగి, చివరికి ఆన్‌లైన్‌లో ప్యాకెట్ ఆర్డర్ పెట్టుకున్నారు. వంద ఎకరాల పచ్చదనంలో పచ్చడికి సరిపడా పువ్వు లేదు. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ పర్యావరణం గురించి కూడా అడుగుతుంది. అడగాల్సిందే. చెట్టు ఉన్నవాడు చెట్టు చూపిస్తాడు, లేనివాడు రిబ్బన్ కత్తిరించిన ఫొటో చూపిస్తాడు.

ఈ ప్రారంభోత్సవానికి సరిగ్గా వారం ముందు, అర్ధరాత్రి, పెస్ట్ కంట్రోల్ వాళ్లు లైబ్రరీ ఛజ్జాకు మందు కొట్టారు. తెల్లారేసరికి మెట్ల మీద, వరండాలో, సైకిల్ స్టాండులో ఈగలు కుప్పలుగా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా గిలగిలలాడుతున్నాయి. చచ్చిన ఈగ ముల్లు కూడా గుచ్చుకుంటుంది. ఆ సంగతి వాటిని చేతులతో ఎత్తి గంపల్లో పోసిన కాంట్రాక్టు ఆడవాళ్లకు తెలుసు. వాళ్లకు గ్లవ్స్ ఇవ్వలేదు. ఒకామె వేళ్లు వాచిపోయాయి, సగం రోజు జీతం కోశారు. ఎనిమిదింటికి ప్రిన్సిపాల్ కారు వచ్చేలోగా అంతా కడిగేశారు. సిగ్గుండాలి. ఎవరికీ అపకారం చేయకుండా, పూత అవగానే వాటి దారిన అవి పోయే ప్రాణులను వేలకు వేలు చంపి, వారం తిరిగేసరికి వాటి పేరు మీద కేక్ కోశారు! మందు పడిన ఆ పట్టులో తేనె కూడా ఉంది. దాన్ని ఎవరు పిండుకున్నారో, ఎవరి ఇంటికి పోయిందో, ఏ పసిపిల్ల నాలుకకు రాశారో అడిగే కమిటీ ఆ కాలేజీలో లేదు. తేనెటీగల క్లబ్బుకు ఫ్యాకల్టీ కోఆర్డినేటర్లు మాత్రం ముగ్గురున్నారు.

కోటా ఈగల సంగతికొస్తే, వాటికి తిండి లేదు. లాన్ మీద ఏం తింటాయి? పెంపకందారులు ఈ పెట్టెలను పొద్దుతిరుగుడు, ఆవాల పొలాల వెంట లారీల్లో తిప్పుతారు. వీటిని జిమ్ వెనక జనరేటర్ పక్కన పెట్టారు. తోటమాలి కొన్నాళ్లు చక్కెర నీళ్లు పోశాడు, తర్వాత స్టోర్స్‌కు చక్కెర కోసం ఇండెంట్ పెట్టాడు. "తేనెటీగల వద్ద తేనె ఉన్నందున చక్కెర మంజూరు చేయలేము" అని రాసి వెనక్కి పంపారు. ఈగలు కొన్ని క్యాంటీన్ జ్యూస్ కౌంటర్ దగ్గర తచ్చాడి చచ్చాయి. మిగతావి పెట్టెలోనే నీరసించాయి. బలం తగ్గిన పెట్టెల్లోకి మైనపు పురుగు చేరి అరలన్నీ తినేసింది.

ఖాళీ పెట్టెలకు ఇప్పుడు కొత్తగా రంగు వేశారు. ముందు బోర్డు పెట్టారు: "తేనెటీగలు పనిలో ఉన్నాయి, మూత తీయరాదు". మొన్న ట్రస్టీ గారు చూడ్డానికి వచ్చారట. ఒక పెట్టెకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విని, "భలే కష్టపడుతున్నాయయ్యా!" అన్నారట. కరెంటు పోయిందేమో, పక్కన జనరేటర్ నడుస్తోంది.